బలపరిచేవారు ఉన్నారా?

ఫాక్స్ క్రీక్, కాన్సాస్
ఏప్రిల్ 18, 2011

ఒరేయ్ గేలెన్,

వాషింగ్టన్‌లో నీకు ఇల్లూ వాకిలీ లేదు కాబట్టి ఈ ఉత్తరం నీ ఆఫీసుకే రాస్తున్నాను. ఇంకా ఆ ఆఫీసు సోఫా మీదే పడుకుంటున్నావా? పడుకో. మన జిల్లాలో నీకు ఓట్లు తెచ్చినవాటిలో ఆ సోఫా కూడా ఒకటి. "సొంత డబ్బే ఇంత పొదుపుగా వాడే మనిషి, జనం డబ్బు ఎలా వాడతాడో మీరే ఆలోచించుకోండి" అని గడప గడపకీ తిరిగి చెప్పినవాణ్ణి నేనే. నా పికప్ బండిలో నీ బోర్డులు, ముందు సీట్లో నువ్వు, మధ్యలో ఆర్డిత్, ఆవిడ ఒళ్లో దాల్చినచెక్క రొట్టెల పళ్లెం. ఎండలో ఆ రొట్టెల మీది చక్కెర పాకం కరిగి నీ ప్యాంటుకి అంటుకుంటే, అలాగే వెళ్లి షెరీఫ్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చావు.

సరే, అసలు సంగతికి వస్తాను. ప్రభుత్వ ఖర్చు వంద బిలియన్ డాలర్లు కోస్తామని ఎన్నికల ముందు మన పార్టీ మాటిచ్చింది. మొన్న కుదిరిన ఒప్పందంలో నలభై కూడా కోయలేదు. అందులోనూ చాలావరకు ఎవరూ ఖర్చు పెట్టకుండా మూలన పడేసిన పద్దులేనని రేడియోలో చెప్తున్నారు. మన నాయకులేమో టీవీలో ఒకరి భుజం ఒకరు తట్టుకుంటున్నారు. పేపర్లో ఓట్ల జాబితా చూశాను. నీ పేరు పక్కన "అవును" అని ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

ఎందుకు వేశావురా ఆ ఓటు? నాకొక్కడికి చెప్పు. ఎవరికీ చెప్పను. చెప్పడానికి ఇంట్లో ఎవరున్నారు కనుక. ఆర్డిత్ పోయాక నేను తగాదా పెట్టుకునేది టీవీతోనే.

జూన్‌లో మన కౌంటీ రిపబ్లికన్ కమిటీ మీటింగు ఉంది. కాంగ్రెస్‌కి వెళ్లినా నువ్వు మీ పేట తరఫు కమిటీ సభ్యత్వం వదులుకోలేదు. అదేం యావో అని అధ్యక్షుడు మెర్ల్ ఎప్పుడూ గొణుగుతూనే ఉంటాడు. ఈసారైనా వచ్చి ముఖం చూపించరాదూ.

నీ
వెర్లిన్

&nbsp;

వాషింగ్టన్
మే 6, 2011

ప్రియమైన శ్రీ వెర్లిన్ ఓస్ట్‌లండ్, శ్రీమతి ఆర్డిత్ ఓస్ట్‌లండ్ గార్లకు,

ప్రభుత్వ వ్యయం గురించి మీ విలువైన అభిప్రాయాన్ని తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మీవంటి పౌరుల సూచనలే నాకు మార్గదర్శకాలు. ఇటీవల ఆమోదం పొందిన ఒప్పందం ఆర్థిక క్రమశిక్షణ దిశగా వేసిన చరిత్రాత్మకమైన తొలి అడుగు అని నేను విశ్వసిస్తున్నాను. ఇకముందు కూడా ఈ విషయంలో రాజీలేని కృషి కొనసాగిస్తానని హామీ ఇస్తున్నాను.

మీ దంపతులిద్దరికీ నా శుభాకాంక్షలు.

భవదీయుడు,
గేలెన్ రప్
కాంగ్రెస్ సభ్యుడు

&nbsp;

ఫాక్స్ క్రీక్
మే 12, 2011

గౌరవనీయులైన కాంగ్రెస్ సభ్యులు రప్ గారికి,

తమరి శ్రీముఖం అందింది. సంతకం మిషనుది. వేలు తడి చేసి రుద్ది చూశాను, చెరగలేదు.

మా దంపతులిద్దరికీ తమరు శుభాకాంక్షలు చెప్పారు. నా వాటా నేను తీసుకున్నాను. ఆర్డిత్ వాటా ఎక్కడ అందజేయమంటారు? లూథరన్ చర్చి వెనక, రెండో వరసలో ఉంటుంది. వెళ్లి చదివి వినిపించమంటారా? ఆవిడకి "చరిత్రాత్మకం" లాంటి మాటలు గిట్టవు. చినిగిన కాలర్లు తిప్పి కుట్టి, బ్రెడ్డు కవర్లు ఉతికి ఆరేసిన మనిషి. లేనిది ఖర్చు పెట్టకూడదన్న ఒక్క ముక్క మీద నలభై ఏళ్లు సంసారం లాక్కొచ్చింది. తొలి అడుగు అని రాశారు. మిమ్మల్ని గెలిపించిన నాటి నుంచీ వింటున్నాను ఈ తొలి అడుగుల సంగతి. రెండో కాలు ఎప్పుడు కదుపుతారండీ?

జూన్ మీటింగులో మీ మీద అభిశంసన తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. వెనక మాట్లాడటం నాకు చేతకాదు, అందుకే ముందే చెప్తున్నాను. ఇచ్చిన మాట తప్పిన కాంగ్రెస్ సభ్యుణ్ణి ఈ కౌంటీ పార్టీ తప్పుబడుతోందని రెండు వాక్యాలు, అంతే. నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాను. మీరు మాటిచ్చింది కూడా ఆ బల్ల దగ్గరే.

ఇట్లు,
వి. ఓస్ట్‌లండ్

&nbsp;

వాషింగ్టన్
మే 20, 2011

వెర్లిన్,

ఇది నేను నా చేత్తో రాస్తున్నాను. కావాలంటే వేలు తడి చేసి చూసుకో.

నీ మొదటి ఉత్తరం నా దాకా రానేలేదు. ఆఫీసు పిల్లలు విప్పి, "ఖర్చు" అన్న మాట చూసి, ఖర్చు తాలూకు జవాబు పంపించేశారు. పాత విరాళాల పట్టీలో మీ ఇద్దరి పేర్లూ జంటగా ఉన్నాయట. ఆ పట్టీ ఇప్పుడు సరిచేయించాను. ఆర్డిత్ పేరు కొట్టేస్తుంటే పక్కనే నిలబడ్డాను. ఇంకేం చెప్పనురా, సిగ్గుగా ఉంది.

ఓటు సంగతి. మా నాయకులు ఒక్కొక్కణ్ణీ గదిలోకి పిలిచారు. నేను కాదన్నాను, రెండోసారి కూడా కాదన్నాను. "ఈసారికి ఒప్పుకో గేలెన్, మిగతాది వచ్చేసారి కోద్దాం. ఇప్పుడు మనం విడిపోతే ఆ ఉన్నది కూడా దక్కదు" అన్నారు. ఆ ఒప్పందంలో మీ రైతుల పంట బీమా మీద కూడా కత్తి పెట్టబోయారు. అది మాత్రం నేను పట్టుబట్టి ఆపాను. ఈ ఏడు మీకు వానల్లేవని నాకు తెలీదా? నీ కోసం, నీలాంటివాళ్ల కోసం కాదా అది?

దయచేసి ఆ తీర్మానం ఆపు. సొంత కౌంటీ అభిశంసించిందంటే, నా మీద పోటీకి నిలబడదామా అని కాచుకుని ఉన్నవాళ్లకి పండగ. నీకు బతిమాలడం తెలీదు, నాకు ఈ ఊరు వచ్చాక బాగా అలవాటైంది. అందుకే బతిమాలుతున్నాను.

సోఫా మీదే పడుకుంటున్నాను. ఆర్డిత్ కుట్టిచ్చిన బొంతే కప్పుకుంటున్నాను. పొద్దున్నే జిమ్‌లో స్నానం, ఆఫీసు సింకు దగ్గర పాలు, అటుకులు. పౌలా, నేనూ విడిపోయాక వేడన్నం పెట్టిన ఇల్లు మీదొక్కటే.

నీ
గేలెన్

&nbsp;

ఫాక్స్ క్రీక్
జూన్ 28, 2011

గేలెన్,

కోత అయిపోయింది. గోధుమ మోకాలెత్తు కూడా లేదు. యంత్రం తోలుతుంటే వెనక గింజ కంటే దుమ్మే ఎక్కువ పడింది.

నా పంట బీమా కాపాడానని రాశావు. ఎవడడిగాడు నిన్ను? ఖర్చుల కోతకి మొదటి వరసలో నిలబడతాను, నాది మొదట కోయండి అని నీతో ఎన్నిసార్లు చెప్పాను? ప్రతివాడూ తనది వదిలేసి పక్కవాడిది కోయమంటాడు కాబట్టే ఈ అప్పు ఇంత అయింది. నన్ను కూడా వాళ్లలో కలిపేశావు. నీ ఓటు కంటే ఈ ముక్కే నాకు ఎక్కువ మంట పెట్టింది.

ఇక మీటింగు గురించి ఇంకొకడి నోట వినేకంటే నా నోట విను, నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

ఎప్పట్లాగే ఫైర్ స్టేషన్‌లో. ఫైరింజను బయటికి తీసి, మడత కుర్చీలు వేశారు. చిల్లీ అని బీన్సు కూర ఎవరో తెచ్చారు. దాల్చిన రొట్టెలు నా వంతు అని అందరికీ అలవాటు కాబట్టి, సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలోవి కొనుక్కెళ్లాను. అందరూ బాగున్నాయన్నారు, ఎవరూ రెండోది తీసుకోలేదు.

లేచి తీర్మానం చదివాను. మెర్ల్ "బలపరిచేవారు ఉన్నారా?" అన్నాడు.

నేను పక్కకి తిరిగాను.

ముప్ఫై ఏళ్ల అలవాటురా. మా పేటకి కమిటీలో మగ సభ్యుణ్ణి నేను, ఆడ సభ్యురాలు తను. నేను ప్రతిపాదించడం, పక్క కుర్చీలోంచి ఆర్డిత్ అల్లిక మీంచి తల కూడా ఎత్తకుండా "బలపరుస్తున్నాను" అనడం. ఒక్క తీర్మానానికి ఇంకొకరి మద్దతు అడగాల్సిన అవసరం నాకు రాలేదు. అందుకే ముందుగా ఎవరితోనూ మాట్లాడి పెట్టుకోవాలని కూడా తోచలేదు. ఖాళీ కుర్చీ కేసి చూస్తూ, ఆవిడ అంటుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. జనం చిల్లీ గిన్నెల్లోకి చూస్తున్నారు. వాళ్లలో సగం మంది కాఫీ కొట్టు దగ్గర నాకంటే ఎక్కువ తిడతారు నిన్ను. ఒక్కడు నోరు విప్పలేదు. "బలపరిచేవారు లేనందున తీర్మానం వీగిపోయింది" అని మెర్ల్ మెల్లిగా, నాకేదో జబ్బు చేసినట్టు చెప్పాడు. బలపరచకపోతే దాని మీద మాట్లాడ్డానికి కూడా లేదు, నీకు తెలుసుగా. మాట్లాడకుండానే కూర్చున్నాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆర్డిత్ శవపెట్టె మొయ్యాల్సిన ఆరుగురిలో నువ్వొకడివి. రాలేదు. ఆ రోజు ఖర్చుల బిల్లు మీద ఓటుందన్నావు. నాకు కష్టమనిపించలేదు, నిజంగా. మావాడు మాట మీద నిలబడి అక్కడ కాదని ఓటేస్తున్నాడు, ఆర్డిత్ ఉన్నా ఉండిపొమ్మనే అనేదని చర్చిలో అందరికీ గర్వంగా చెప్పుకున్నాను. నీ బదులు మెర్ల్ మోశాడు. ఇప్పుడు చెప్పు, నేను ఏ మాట కోసం సర్దుకున్నట్టు?

వెర్లిన్

&nbsp;

వాషింగ్టన్
ఆగస్టు 3, 2011

వెర్లిన్,

నీ ఉత్తరం కోటు జేబులోనే ఉంది. జవాబు మొదలుపెట్టడం, చించెయ్యడం. రేడియోలో ఈపాటికి వినే ఉంటావు. ఇంకో ఒప్పందం. అదే గది, అవే మాటలు, "ఈసారికి". మళ్లీ అవునన్నాను. కోస్తామన్నదంతా పదేళ్ల తర్వాతి పద్దుల్లోకి తోసేశారు. అప్పటికి మనలో ఎవడుంటాడో.

బయటికొచ్చాక మెట్ల మీద ఒకాయన నా చెయ్యి ఊపుతూ మంచి పని చేశారన్నాడు. ఆయనెవరో నాకు తెలీదు. ఇక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరని అప్పుడు తట్టింది.

కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుంది?

గేలెన్

&nbsp;

ఫాక్స్ క్రీక్
సెప్టెంబరు 9, 2011

రప్ గారికి,

అక్టోబరు 15, శనివారం సాయంత్రం, ఫైర్ స్టేషన్‌లో. అదే తీర్మానం మళ్లీ ప్రతిపాదిస్తాను. బలపరచమని ఎవరినీ అడగలేదు, అడగను కూడా. అడుక్కుని తెచ్చుకున్న మద్దతుకి విలువేముంటుంది. మళ్లీ వీగిపోతే పోనీ.

వి. ఓస్ట్‌లండ్

&nbsp;

ఫాక్స్ క్రీక్
అక్టోబరు 17, 2011

గేలెన్,

నీకేమైనా పిచ్చెక్కిందా?

నువ్వు వెనక తలుపు నుంచి వచ్చావు, నాకు తెలీదు. నా వైపు నుంచి ఎలా ఉందో చెప్తాను, విను. ఈసారి రొట్టెలు నేనే చేశాను. ఆర్డిత్ చేతి రాతలో "పిండి చేతికి అంటనంత వరకు" అని ఉంది. ఎంతవరకో ఆవిడకే తెలియాలి. రాళ్లలా వచ్చాయి. అయినా పట్టుకొచ్చాను. లేచాను, చదివాను. మెర్ల్ నా మొహంలోకి చూడకుండా "బలపరిచేవారు ఉన్నారా?" అన్నాడు. ఈసారి పక్కకి తిరగకూడదని ముందే గట్టిగా అనుకున్నాను. ఎదురుగా గోడ మీది నీళ్ల గొట్టాల చుట్టలకేసి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు పక్క కుర్చీ కిర్రుమంది.

"బలపరుస్తున్నాను."

ఒక్క క్షణం అది ఎవరి గొంతనుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. తిరిగి చూస్తే కోటు, టై వేసుకుని, ప్రయాణానికి నలిగిపోయిన మొహంతో నువ్వు.

మెర్ల్ అన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. "గేలెన్, తీర్మానం నీ మీదేనయ్యా బాబూ!"

నువ్వేమో, "ఎవరి మీదో నాకు తెలుసు మెర్ల్. నేను ఈ కమిటీ సభ్యుణ్ణి. కుదరదని రూల్సులో ఉంటే చూపించు."

పాపం ఆ రూల్సు పుస్తకం పేజీలు ఎలా తిరగేశాడో! మనిషి తన మీద తనే తీర్మానం బలపరుస్తాడని రాసినవాడికి మాత్రం తట్టి ఉంటుందా?

నన్ను మాట్లాడమన్నారు. రాసుకున్న కాగితం కనబడలేదు, కళ్లు మసకలు కమ్మాయి. నాది ముందు కోయండి, బీమా కోయండి, మా రోడ్డు కోయండి, కానీ కోస్తామని చెప్పి కోయకుండా రాకండి అని ఏదో అన్నాను. జూన్‌లో గిన్నెల్లోకి చూసినవాళ్లంతా ఈసారి తలెత్తి విన్నారు. తర్వాత చేతులు లేచాయి. నీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. తీర్మానం నెగ్గింది. నేను కోరుకున్నదే కదా, గెలిచినట్టు ఎందుకు లేదో తెలియడం లేదు.

నువ్వు ఆ రాళ్లలాంటి రొట్టెలు రెండు తినేసి, విమానం ఉందని వెళ్లిపోయావు. నాతో ఒక్క మాట లేదు. నిన్న పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు. మన సీటు మీద కన్నేసిన ఆ కుర్ర లాయరు పొద్దున్నే ఫోన్ చేశాడు, తన ప్రచారానికి నన్ను పెద్దదిక్కుగా ఉండమని. పెట్టేశాను ఫోను.

నీ గొంతు నువ్వే కోసుకున్నావు కదరా. ఎందుకు చేశావు?

వెర్లిన్

&nbsp;

వాషింగ్టన్
నవంబరు 8, 2011

ఒరేయ్ వెర్లిన్,

ఎందుకో నువ్వే రాశావు జూన్‌లో. "నేను పక్కకి తిరిగాను" అని. మిగతా తిట్లన్నీ మర్చిపోగలిగాను, ఆ ముక్క మాత్రం వదల్లేదు. ఆ గదిలో అంతమంది ఉండి, నువ్వు ఖాళీ కుర్చీతో నిలబడ్డావంటే నాకు తట్టుకోవడం కష్టమైంది. పెట్టె మొయ్యడానికి నేను రావాల్సిందిరా. ఓటు ఒకటి తగ్గితే ఆ రోజు అమెరికాకి ఏమయ్యేది కాదు.

నీ తీర్మానం ఒప్పుకున్నానా అంటే, సగం. సర్దుకోకపోతే ఇక్కడ ఏ పనీ జరగదని ఇప్పటికీ అంటాను. సర్దుకుని సర్దుకుని ఏ పనికి వచ్చామో మర్చిపోయాం అన్నదీ నిజమే. కానీ బలపరచడం అంటే ఒప్పుకోవడం కాదు కదా, ఈ మాట నలుగురూ వినాలి అనడం. ఆర్డిత్ నీ తీర్మానాలన్నీ బలపరిచేది, బాగానే గుర్తుంది నీకు. ఓటు దగ్గరికొచ్చేసరికి ఎన్నిసార్లు నీకు ఎదురేసేదో అది గుర్తులేదేం? లైబ్రరీ పన్ను విషయంలో నీ పక్కనే కూర్చుని నిన్ను ఓడించింది. ఇంటికెళ్లేదాకా నువ్వు బండిలో మాట్లాడలేదు. ఆవిడ పక్కన నేనున్నాను.

అందుకే ఏ వైపుకీ చెయ్యి ఎత్తలేదు. అవునో కాదో నాకే తేలలేదు. తేలనివాడు ఈ పనికి పనికిరాడు. వచ్చే ఎన్నికల్లో నిలబడటం లేదు. మా నాయకులకి నిన్ననే చెప్పాను. "ఆలోచించుకో" అన్నారు, తలుపు దాకా వచ్చి సాగనంపారు. చాలా మర్యాదగా ఉన్నారు.

ఇంకా ఏడాది పైన ఈ సోఫా తప్పదు. ఆ తర్వాత ఫాక్స్ క్రీక్‌కే వస్తాను. ఇంకెక్కడికి పోతాను? కాకపోతే అక్కడ నాతో మాట్లాడేవాడు ఉంటాడా అని ఒక్కోసారి భయమేస్తుంది. కౌంటీ అభిశంసించిన మనిషిని కదా.

రొట్టెలు బాగాలేవు. ఇంకాస్త పాలు పోసి చూడు.

గేలెన్

&nbsp;

ఫాక్స్ క్రీక్
డిసెంబరు 12, 2011

ఒరేయ్ గేలెన్,

పాలు ఎక్కువ పోశాను. ఈసారి మధ్యలో పచ్చిగా వచ్చాయి. ఏడాది ఉందిగా, నేర్చుకుంటాను.

లైబ్రరీ పన్ను గుర్తుంది. గుర్తులేనట్టు ఉన్నాను, అంతే. ఆ రాత్రి ఆవిడ చేసిన వంట కూడా తినలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఎంత వెధవనో అనిపిస్తుంది. ఒక్క పూట అన్నం పోగొట్టుకున్నాను.

నీ ఓట్ల విషయంలో నేను వెనక్కి తగ్గలేదు, తగ్గను. ఆ నాయకుల మీద కోపమూ అంతే ఉంది. మొన్న శనివారం మీటింగులో మళ్లీ అదే మాట మాట్లాడాను. నువ్వు నిలబడటం లేదని మెర్ల్ చదివి వినిపిస్తే ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఆ లాయరు మనుషులు కూడా. కొంతమంది నా వైపు చూశారు. నేను చెయ్యగలిగిందేముంది, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

అయిపోయాక కుర్చీలు మడుస్తున్నాం. ఈమధ్య జనం పలచగా వస్తున్నారు కాబట్టి వచ్చేసారికి ఒక వరస తగ్గించేద్దామని మెర్ల్ నా పక్క కుర్చీ అందుకోబోయాడు. ఉండనీ అన్నాను. "ఎవరొస్తారు వెర్లిన్ అందులోకి?" అన్నాడు జాలిగా. ఆర్డిత్ కోసం అనుకున్నాడు పాపం. నేనూ చెప్పలేదు.

నువ్వొచ్చాక ఏ తీర్మానం పెట్టినా సరే, ఎంత పనికిమాలినదైనా సరే, నేను బలపరుస్తాను. ఓటు సంగతి మాత్రం అప్పుడే అడక్కు.

నీ
వెర్లిన్